గాయాల పుస్తకం

ఆఫీసులో ఆమెని వెనకాల అందరూ సున్నా మేడం అనేవాళ్లు. ఎదురుపడి అనే దమ్ము ఎవరికీ లేదు గానీ, ఆ పేరు తనకుందని ఆమెకి తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

మూడో అంతస్తులో ఏడుగురు మనుషులు, ఒక కాఫీ మెషీను, కిటికీ పక్కన చావలేక బతుకుతున్న ఒక మొక్క. అదీ ఆఫీసు. పని మాత్రం చిన్నది కాదు. తాము దాచుకున్న సొమ్ము మంచి కంపెనీల్లోనే ఉండాలి, నీళ్లు పాడుచేసేవాళ్ల దగ్గరా, పనివాళ్లని పీల్చి పిప్పి చేసేవాళ్ల దగ్గరా ఉండకూడదు అనుకునే జనం కొందరుంటారు. వాళ్ల కోసం ఏ కంపెనీ ఎంత మంచిదో మార్కులు వేసి చెప్పాలి. నూట నలభై ప్రశ్నలు. నూటికి అరవై వస్తే పచ్చ జాబితాలో చోటు. రాకపోతే అవతలికి. పెట్టుబడి సంస్థలు ఆ జాబితా ముందు పెట్టుకునే వాటాలు కొంటాయి, అమ్ముతాయి.

కంపెనీలు పంపే కాగితాల్లో తియ్యటి మాటలకి కొదవ ఉండదు. భూమిని ప్రాణంగా చూసుకుంటామని ఒకరు, పనివాళ్లే మా కుటుంబమని ఇంకొకరు. సున్నా మేడం అన్నీ చదివి పక్కన "రుజువు?" అని ఒక్క ముక్క రాసేది. రుజువు రాకపోతే సున్నా. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి తమ మంచితనం గురించి గంటసేపు ఏకరువు పెడితే, చివరిదాకా ఓపిగ్గా విని, "ఇదంతా ఏ పేజీలో ఉందండీ?" అని అడిగింది. ఆయన మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

అంతటి కఠినురాలూ ఒక్క చోట మెత్తబడింది. ఏడాదిలో పనిచోట ఎన్ని గాయాలయ్యాయి అన్న ప్రశ్నకి దాదాపు అన్ని కంపెనీలూ ఖాళీ వదిలేసేవి. అన్నిటికీ సున్నా వేసుకుంటూ పోతే జాబితాలో నలుగురు కూడా మిగిలేట్టు లేరు. ఎనిమిదేళ్ల కిందట ఒక మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఆమే ఒక ఉపాయం చెప్పింది. ఖాళీ ఉన్నచోట ఆ రకం పరిశ్రమల సగటు వేసేద్దాం అంది. డైరెక్టరు శభాష్ అన్నాడు, మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, అది రూలైపోయింది. తర్వాత ఆ సంగతి ఆమే మర్చిపోయింది.

గుర్తు చేసింది ఒక రేకు డబ్బాల ఫ్యాక్టరీ. బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, వాటి మూతలు చేసే చోటు. అయిదేళ్లుగా పచ్చ జాబితాలో ఉంది. ఆ ఏడు ఎప్పుడూ పంపే కాగితాలతో పాటు ఒక లావుపాటి పుస్తకం నకలు కూడా పంపారు. పేరు గాయాల పుస్తకం. కొత్తగా వచ్చిన మేనేజరు దాన్ని ఎంతో గర్వంగా జతచేసి, మేము ఏదీ దాచం అని పైన ఉత్తరం కూడా రాశాడు.

సున్నా మేడం నమ్మలేదు. నమ్మకపోవడమే ఆమె ఉద్యోగం. ఒక రోజు స్వయంగా వెళ్లింది. రంగులు కడిగిన నీళ్లు బయటికి పోయే గొట్టం దగ్గర తనే సీసాతో పట్టి మూత బిగించింది. తర్వాత ప్రథమ చికిత్స గది ఎక్కడ అని అడిగింది.

మెషీన్ల హాలు చివర చిన్న గది. ఒక మంచం, చేతులు కడుక్కునే తొట్టి, గాజు తలుపుల బీరువా, డెట్టాల్ వాసన. లోపల ఒక నర్సు. రెండేళ్ల కిందట ఆమె వచ్చేదాకా ఆ గదికి తాళం వేసి ఉండేదట. గాయాలకి పట్టీలు వేస్తుందని ఫ్యాక్టరీలో అందరూ ఆమెని పట్టీ అక్క అంటారు, ఆమె కన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా.

"ఇది చూడండి మేడం," అని పుస్తకం ముందు పెట్టింది. వేలు తెగింది, అంచు గీసుకుంది, కంట్లో రేకు పొడి పడింది. తేదీ, గంట, ఏ మెషీను, ఎందుకు. ఏడాదికి రెండు వందల పద్నాలుగు.

"ఇంత చిన్న గీత కూడా రాశారేంటి?"

"ఈ పేజీ చూడండి. రేకు కోసే నాలుగో ప్రెస్సు దగ్గర ఒక్క నెలలో పదకొండు చిన్న గీతలు. పదకొండూ కుడిచెయ్యే. వెళ్లి చూస్తే చేతికి అడ్డుండే గార్డు వంగిపోయి ఉంది. మార్పించాను. ఆ చిన్న గీతలు రాయకపోతే పన్నెండోది వేలే పోయేది." పట్టీ అక్క పుస్తకం మూసి, "మా పెద్ద మేనేజర్లకి ఇది ఇష్టం లేదు మేడం. మార్కులు తగ్గితే ఈ గది సంగతి ఆలోచిస్తామన్నారు. ఇలా రాయడం మంచిదా, చెడ్డదా? మీరే చెప్పాలి," అంది.

"నిజం రాస్తే చెడ్డెలా అవుతుంది?" అంది సున్నా మేడం. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు మార్కులు ఎక్కించింది. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, దానికి పూర్తి మార్కులు. గాయాల గడిలో రెండు వందల పద్నాలుగు అని కొట్టింది. పదిహేనుకి సున్నా వచ్చింది. కిందటేడు అదే గడి ఖాళీగా ఉంటే, రూలు ప్రకారం సగటు ముప్ఫై ఒకటి పడి ఎనిమిది మార్కులొచ్చాయి. మొత్తం అరవై ఆరు నించి యాభై ఎనిమిదికి దిగింది. అదే రేకుతో అవే డబ్బాలు చేసే పోటీ ఫ్యాక్టరీ గడి ఖాళీగా వదిలేసి, కాలు మీద కాలేసుకుని జాబితాలో కూర్చుంది.

ఆమె మూడుసార్లు కూడి చూసింది. లెక్క తప్పలేదు.

డైరెక్టరు గదికి వెళ్లి, "ఖాళీకి సగటు వెయ్యడం తీసేద్దాం సార్. చెప్పనివాళ్లకే సున్నా వేద్దాం," అంది.

"నాలుగు వందల కంపెనీల్లో మూడు వందలు చెప్పవు. అప్పుడు జాబితాలో ఎవరుంటారు, మనిద్దరమా?"

"మరి చెప్పినవాళ్లకి అన్యాయం జరుగుతోంది కదా?"

"జరుగుతోంది," అని ఆయన ఒప్పేసుకున్నాడు. ఆయనతో అదే చిక్కు, దేన్నయినా ఇట్టే ఒప్పుకుంటాడు. "కానీ ఒక్క కంపెనీ కోసం నడి ఏడాదిలో రూలు మారిస్తే మనల్ని ఎవరు నమ్ముతారు? పైగా అది నువ్వు పెట్టిన రూలే కదమ్మా."

ఆమె గట్టిగా పట్టుబడితే ఆయన వినేవాడేమో. పట్టుబట్టలేదు. కాగితం మీద సంతకం పెట్టి పంపించేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పింది. భర్త లెక్కల మేష్టారు. ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"ఆగాగు. పరీక్షకి రానివాడికి క్లాసు సగటు వేస్తారా మీరు? మా బళ్లో ఆ రూలు పెడితే నా క్లాసులో సగం మంది రేపట్నించి పరీక్ష రోజు ఇంట్లో పడుకుంటారు."

"ఎగతాళి చెయ్యకండి."

"ఎగతాళి కాదే, లెక్క."

అత్తగారు గ్లాసులో నీళ్లు పోసుకుంటూ, "ఆ నర్సు పిల్ల ఏమవుతుందే ఇప్పుడు?" అంది.

"ఏమో అత్తయ్యా. అది మా ప్రశ్నల్లో లేదు," అంది కోడలు. అనేశాక కంచం తీసి లేచింది.

పెట్టుబడి సంస్థలు ఆ నెలలోనే డబ్బాల ఫ్యాక్టరీ నించి బయటికి వచ్చేశాయి. పుస్తకం జతచేసిన మేనేజరుని వేరే విభాగానికి మార్చారని తెలిసింది. సున్నా మేడం మిగతా కంపెనీల్లో మునిగిపోయింది. మునిగిపోవడానికి నూట నలభై ప్రశ్నలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

మళ్లీ ఏడాది తిరిగింది. డబ్బాల ఫ్యాక్టరీ కాగితాలు వచ్చాయి. గాయాలు పందొమ్మిది. మొత్తం డెబ్బై. ఆఫీసు ఏటా వేసే నివేదికలో ఎక్కువ మెరుగుపడిన కంపెనీ అని ఒక పేజీ ఉంటుంది. లెక్క ప్రకారం ఈసారి ఆ పేజీ వీళ్లది. పేజీ రాసే ముందు ఒకసారి వెళ్లి చూసి రావడం ఆనవాయితీ. వేరే ఎవరినైనా పంపమని డైరెక్టరుని అడగబోయి, సిగ్గేసి తనే బయల్దేరింది.

పట్టీ అక్క అక్కడే ఉంది. గదికి కొత్త రంగు వేశారు. బల్ల మీద కొత్త పుస్తకం, పల్చటిది.

"బాగా తగ్గాయే," అంది సున్నా మేడం. ఎక్కడో ఒక మూల నిజంగానే తగ్గాయేమోనన్న ఆశ ఉంది ఆమెకి.

"మూడు రోజులు పనిలోకి రాకపోతేనే గాయం కింద లెక్క అన్నారు మేడం. కాబట్టి దెబ్బ తగిలినవాళ్లు కూడా మర్నాడే పనిలోకి వచ్చేస్తున్నారు," అంది పట్టీ అక్క, రోజువారీ కబురు చెప్పినట్టు. "పాత పుస్తకం తీసుకెళ్లిపోయారు. ఏ మెషీను కరుస్తోందో ఇప్పుడు నాకు తెలియడం లేదు."

ఇంకేదో చెప్పబోతుంటే తలుపు తోసుకుని ఒకతను వచ్చాడు. యాభై దాటిన మనిషి, ప్రెస్సు నడిపేవాడు. ఎడమ అరచెయ్యి గుడ్డలో చుట్టుకున్నాడు, గుడ్డ తడిసి ముద్దయింది. పట్టీ అక్క అతన్ని కూర్చోబెట్టి గుడ్డ విప్పింది. మూత అంచు అరచేతిని అడ్డంగా, మూడు రోజులైనా పనికి పోకూడనంత లోతుగా కోసేసింది. కడిగి, మందు వేసి, గట్టిగా ఒత్తిపట్టి, తలతో పుస్తకం వైపు చూపించింది.

"రాయమంటారా మేడం?"

"వద్దక్కా," అన్నాడు అతను, మేడంకి ఛాన్సివ్వకుండా. "నెలంతా పుస్తకంలో ఒక్కటీ పడకపోతే షిఫ్టు మొత్తానికి ఒక సెలవు. ఇంక రెండు రోజులే ఉంది. నా ఒక్కడి వల్ల అందరిదీ పోతుంది."

పట్టీ అక్క కట్టుగుడ్డ చుట్ట విప్పుతూ, ఎవరి మీదా కోపం లేకుండా, "మా పోటీవాళ్లు ఖాళీ వదిలేస్తే సగటు వేశారని మార్కుల కాగితంలో చూశాను మేడం. ఆ తెలివి ఎవరిదో గానీ, ఒకసారి చూడాలని ఉంది," అంది.

ఎవరో పైవాళ్లదని అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్లుగా అందరినీ రుజువు అడిగిన మనిషికి ఆ అబద్ధం నోట రాలేదు.

"నాదే," అంది.

పట్టీ అక్క తలెత్తి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది, ఆమె తిట్టలేదు. "అయితే ఇలా వచ్చి ఈ చెయ్యి పట్టుకోండి. కదిలిస్తున్నాడు," అంది.

ఆమె బ్యాగు కింద పెట్టి పట్టుకుంది. మణికట్టు బరువుగా, వేడిగా ఉంది. కట్టు బిగిసినప్పుడల్లా అతని వేళ్లు ఆమె వేళ్లని నొక్కేస్తున్నాయి. ఇన్నేళ్లలో వేలకొద్దీ గాయాలకి మార్కులు వేసింది గానీ, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. చచ్చేంత సిగ్గేసింది.

"రాయండి," అంది.

"రాస్తాను. వచ్చే ఏడు ఈ గది ఇక్కడే ఉంటుందని మీరు రాసిస్తారా?"

సున్నా మేడం ఆ చేతినే ఇంకాస్త సరిగ్గా పట్టుకుంది. అతను ఒకసారి ఆమె వంకా, ఒకసారి పట్టీ అక్క వంకా చూశాడు.

పట్టీ అక్క ముడి వేసి, మిగిలిన గుడ్డ కత్తిరించింది. పుస్తకం ముట్టుకోలేదు. "పది నిమిషాలు పడుకుని వెళ్లన్నా."

"పడుకుంటే ఏమైందని అడుగుతారక్కా," అని లేచాడు. కట్టు కనపడకుండా చెయ్యి జేబులో పెట్టుకుని, మెషీను దగ్గరికి వెళ్లిపోయాడు.