అమ్మే ఫస్టు

పిల్లల్ని బయట తిప్పమని చెప్పింది సర్కారు ఆసుపత్రిలో మనసుకు మందిచ్చే డాక్టరమ్మ. ఇందుకు రూపాయి ఖర్చు లేదమ్మా, వానలు పడ్డాయి కదా, చెరువు చూపించు, పురుగూ పుట్రా చూపించు, ఆకాశం కింద ఆడించు, వాళ్లకూ మంచిది, నీకూ మంచిది అంది. పైకప్పు ఎగిరిపోయిన గది వెనక ఆకాశం చూసి వచ్చినదాన్ని. నాకా ఆకాశం గురించి చెబుతోంది అని కోపం రావాలి. రాలేదు. తలూపి వచ్చేశాను. తమిళ లెక్కలో జూన్‌కొచ్చే ఆని నెల నుంచి నాకు కోపమూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

ఆని నెలలోనే వెంబకోట్టై దగ్గర మేము పనిచేసే టపాకాయల ఫ్యాక్టరీలో గది పేలింది. నేనూ మా ఆయన జెయకుమారూ ఒకే గదిలో మందు కూరేవాళ్లం. గదికి నాలుగు వైపులా వాకిళ్లు. కాళ్లకు చెప్పులుండకూడదు. పనిలో చేరిన రోజు ఫోర్‌మన్ తంగసామి అందరికీ చెప్పేది ఒకటే: "పేలిన సత్తం వినపడితే తిరిగి చూడొద్దు. పక్కన ఎవరుండారని చూడొద్దు. ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు. నీ వాకిలి, నీ కాళ్లు, అంతే." అలాగే చేశాను. నా వాకిలి నుంచి నేను పరిగెత్తాను. ఆయన వాకిలి నుంచి ఆయన రాలేదు. మునీశ్వరీ, నువ్వు చేసింది సరే అని అందరూ నాతో అన్నారు. సరేనేమో.

ఆ తరవాత కొన్నాళ్ల నుంచి పిల్లలిద్దరూ విరుదునగర్‌లో మా అక్క పొన్నుతాయి ఇంట్లో ఉన్నారు. జోతి నాలుగో తరగతి. ఉదయకుమార్‌ను ఇంకా చంకనెత్తుకోవాలి. నేను కోవిల్‌పట్టిలో ఒక్కదాన్నే. అన్నం వండుతాను, తినడం మరిచిపోతాను. ఎవరైనా పిలిస్తే మూడోసారికి పలుకుతాను.

ఈ ఏడు మాకు దీపావళి లేదు. పండగ దాటాక వచ్చిన శనివారం పిల్లల్ని తెచ్చుకుందామని అక్క ఇంటికి వెళ్లాను. అక్క వాకిట్లోనే నిలేసింది.

"ఆనాడు నువ్వు పొయ్యి మింద పాలు పెట్టేసి గోడను చూస్తా కూర్చుంటివి. ఇల్లంతా పొగ. పిలకాయలు దగ్గి దగ్గి సస్తిరి. నీకు తెలిసెనా?"

"తెలీలేదక్కా."

"అదే నేను చెప్పేది. ఈడనే ఇస్కూల్లో చేర్చేస్తాను. నాకేం బరువు కాదు." నా మొహం చూసి కొంచెం తగ్గింది. "సరి. ఈపొద్దు వాళ్లను ఏడికన్నా పిల్చుకోని పో. ఒళ్లు తెలిసి ఉండి చూపెట్టు. సాయంత్రానికి బాగా వచ్చి చేరితే, నీతోనే పంపిస్తాను. లేదంటే అడగొద్దు."

అక్క చెడ్డది కాదు. నేనైనా అదే అనేదాన్ని.

ఊరు దాటితే కణ్మాయి ఉంది. చెరువును మావాళ్లు అట్లాగే అంటారు. ఎండాకాలమంతా పగుళ్లిచ్చి ఉండేది, అప్పటికి సగం నిండింది. గట్టు నిండా సర్కారు తుమ్మ. నల్లరేగడి బురద చెప్పులకు దిమ్మలు దిమ్మలుగా అంటుకుంటుంటే విప్పి గట్టు మీద పెట్టేశాను. ఉదయకుమార్ ఎర్రటి పట్టుపూచ్చులను, అదే ఆరుద్ర పురుగులను, ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి, కాసేపటికి మళ్లీ నడుస్తాయి. వాడికి నవ్వు ఆగడం లేదు. జోతి పెంకులు ఏరి నీళ్ల మీదికి విసురుతోంది. పెంకు ఎగిరెగిరి పోయి మునుగుతోంది. విసిరినప్పుడల్లా నా వైపు తిరిగి, నేను చూశానా లేదా అని చూసుకుంటోంది. చూస్తూనే ఉన్నాను. బాగుందే అనాలని తెలుసు. బస్సు కోసం నిలబడినట్టు నిలబడ్డాను.

తూర్పున మబ్బు పట్టింది. ఇక పోదాం రండి అనబోతున్నాను, అప్పుడు పడింది పిడుగు. ఎదురుగా, తాటిచెట్ల మీద.

పరిగెత్తాను. నేను పరిగెత్తానని కూడా అనలేను, కాళ్లు పరిగెత్తాయి. గట్టు దిగి, తుమ్మకంపలో పడి లేచి, చేను దాటి, రోడ్డు పక్కన తూము దగ్గర ఆగాను. రొప్పుతున్నాను. వాన మొదలైంది. కాళ్లు చూసుకుంటే నెత్తురు. నొప్పి లేదు. బాగానే బయటపడ్డాను అనుకున్నాను. అప్పుడు పిల్లలు గుర్తొచ్చారు.

పిల్లలు. నీళ్ల ఒడ్డున పిల్లలు. ఇన్ని నెలల్లో నాకు తెలిసిన మొదటి భయం అదే. వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను.

చేను మధ్యలో ఎదురొచ్చింది జోతి. తమ్ముడు చంకలో ఏడుస్తున్నాడు. మోయలేక ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. రెండో చేతిలో నా చెప్పులు. నా ముందు నిలబడి వాటిని కింద పడేసింది.

"వేసుకో. ముళ్లుండాయి."

అంతే అంది. తమ్ముణ్ని ఎత్తుకోబోతే ఇయ్యలేదు. దారంతా ముందు తను, వెనక నేను. ఇక అడగడానికేమీ లేదు, పిల్లలు అక్క దగ్గరే ఉంటారు అనుకుంటూ నడిచాను. అది న్యాయమే అని కూడా అనుకున్నాను.

అక్క వాకిట్లోనే ఉంది. తడిసిన పిల్లల్ని చూసింది, బురద చూసింది, నా కాళ్లు చూసింది.

"ఏమయ్యె?"

నోరు తెరిచాను. పిల్లల్ని వదిలేసి పరిగెత్తానక్కా అని చెప్పడానికే తెరిచాను. జోతి నా కాలు తొక్కింది. గట్టిగానే.

"పోట్టి పెట్టుకుంటిమి పెద్దమ్మా," అంది. "పరుగుపోట్టి. అమ్మే ఫస్టు వచ్చె."

"వానలోనా?"

"వానలోనే."

అక్క నమ్మలేదు. వంగి ఉదయకుమార్ గడ్డం పట్టుకుంది. "నిజం చెప్పు రా, రాజా. పోట్టియేనా?"

వాడు అక్కను చూశాడు, నన్ను చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు. "మేము లాస్టు," అన్నాడు.

అక్కకు ఏం అర్థమైందో నాకు తెలీదు. లోపలికి పోయి తువ్వాలు తెచ్చి జోతి తల తుడిచింది. తరవాత పిల్లల బట్టల సంచీ తెచ్చి నా చేతికిచ్చింది. "ఆదివారం ఆదివారం వస్తాను," అంది. "చెప్పకుండా వస్తాను."

కోవిల్‌పట్టి బస్సులో కిటికీ పక్కన జోతి, నా ఒళ్లో వాడు. సాత్తూరు దాటింది. బయట మెరుస్తూనే ఉంది.

"అమ్మా."

మొదటిసారికే పలికాను.

"ఇంకోతూరి పిడుగు పడితే పరిగెత్తు. పరిగెత్తొద్దని చెప్పలేదు నేను. మా చెయ్యి పట్టుకోని పరిగెత్తు."

ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు, అది రూలు, పట్టుకుంటే ఇద్దరూ పోతారు అని దానికి చెప్పలేదు. చెయ్యి చాపాను. పెంకులు విసిరి విసిరి దాని వేళ్లకు ఇంకా బురద అంటుకునే ఉంది.

ఉరిమింది. కాళ్లు లేచాయి, ఒళ్లో పిల్లాడితో సహా సగం లేచాను. చెయ్యి రాలేదు. జోతి రెండు చేతులతో పట్టుకుని ఉంది. కూర్చున్నాను. కూర్చోగానే ఏడుపొచ్చింది. ఆపుకునే ఏడుపు కాదది. ముందు సీట్లోవాళ్లు తిరిగి చూశారు.

ఉదయకుమార్ నా ఒళ్లోంచి వంగి కింద నా పాదాలు చూశాడు.

"ముల్లు నొస్తాదా మా?"

"అవును రా," అన్నాను. "శానా నొస్తాది."

నిజంగానే నొప్పి పుడుతోంది.