‘దిగుదారి’ ఎవరికెలా వినిపించింది

అయినా వేగం గుణమా దోషమా అన్నది పాటలో తేలే విషయం కాదు, వినేవాడు ఎక్కడ నిలబడి వింటున్నాడో అక్కడ తేలుతుంది, అని నాకు నేనే చెప్పుకుంటూ శుక్రవారం సంతలో అల్లం బస్తాల మధ్య నుంచి వరహాలరావు రేడియో కొట్టు వైపు నడుస్తున్నాను, సంచిలో ఒక సీడీ, ఒక పాత క్యాసెట్టు, ఒక జత బట్టలు, వెళ్లాలని ఇంకా నిశ్చయించుకోని వాడికి బట్టలెందుకో తెలియదు, విశాఖ వెళ్లే కిరండూల్ పాసింజరు మధ్యాహ్నం దాటాక వస్తుంది, ఆలోగా నాకొక అభిప్రాయం కావాలి, నిన్న నేను పాఠాలు చెప్పే మిషన్ స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి రవిబాబు అడిగింది కూడా అదే, ఒరే యోనా, కొత్త ఆల్బం ముందు విను, నచ్చితే రేపు ట్రైనెక్కు, నచ్చకపోతే ఎల్లుండి ప్రోగ్రాం మానేస్తాం, నువ్వు కాకపోతే ఇంకెవడినీ ఎక్కించం, అన్నాడు, రెండేళ్ల క్రితం నేను వదిలి వచ్చిన డ్రమ్స్ దగ్గర కూర్చున్న కుర్రవాడు ఆల్బం రికార్డు కాగానే హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడట, కుర్చీ మళ్లీ ఖాళీ అయింది, ఖాళీ అయిన కుర్చీ మనది అవుతుందా, లేక ఒకప్పుడు మనది అయి ఉండటమే ఇక దానితో మనకు మిగిలే సంబంధమా.

మా బృందం పేరు ‘ఇనపరాయి’, రవిబాబు గిటారు, డాలీ బేస్ వాయిస్తూ పాడుతుంది, నేను డ్రమ్స్, మేము వాయించేదాన్ని స్టోనర్ రాక్ అంటారని చెప్పినప్పుడు వరహాలరావు, అంటే రాళ్లు కొట్టేవోళ్ల పాటలా మాస్టారూ, అని అడిగాడు, నేను నవ్వలేదు, ఎందుకంటే మొదటి ఆల్బం ‘లోయ’ నిజంగానే ఒక పెద్ద బండను మెల్లగా దొర్లించినట్టు ఉండేది, ఇప్పుడు ఈ ‘దిగుదారి’ వచ్చింది, బరువు పెరిగింది, వేగం కూడా పెరిగింది, ఈ మాట నేను విని చెప్పటం లేదు, చదివి చెబుతున్నాను, బుధవారం సీడీ పోస్టులో అందింది, ఇంటర్నెట్ సెంటరులో కంప్యూటరుకు గొంతు లేదు, వినటానికి వెళ్లినవాణ్ణి శ్రోతల అభిప్రాయాలు చదువుతూ కూర్చున్నాను, బెంగళూరు నుంచి ఒకరు, ఈ బృందం ఇప్పుడే నిద్ర లేచింది అన్నారు, ఇంకొకరు, మంచు కరిగిపోయింది, ఇది అందరూ చేసే గోలే అన్నారు, మరొకరు, నిద్రపోవటానికి పాతది, బైకు మీదికి కొత్తది, నాకు రెండూ కావాలి అన్నారు, రెండో అభిప్రాయం నేను రాసినట్టే ఉంది, ఆ వాక్యాలకు నేను తల ఊపాను, వినని పాటను తూచటానికి నా దగ్గర తూకపురాయి ముందే సిద్ధంగా ఉందని అప్పుడు గమనించాను, గమనించి కూడా సంతోషపడ్డాను, పాత డ్రమ్మరు ఏమయ్యాడని ఎవరైనా అడిగారేమోనని పేజీ చివరిదాకా వెతికాను, ఎవరూ అడగలేదు.

వరహాలరావు సీడీ వేసి, బాగుచేతకు వచ్చిన పెద్ద స్పీకరును సంత వైపు తిప్పాడు, మొదటి దెబ్బకే రాజ్‌మా కుప్ప ముందు కూర్చున్న అసిరమ్మ చెవులు మూసుకుని, ఎవులు తరుముతన్నారు బాబూ ఆళ్లని, అంత బేగి ఏటికి పరిగెడతన్నారు, అంది, జీపు జగన్నాథరావు బీడీ పారేసి, ఉండవే అత్తా, ఇది గాని నా బండిలో ఉంటే గాట్ రోడ్డులో నిద్దరన్నదే రాదు, ఆ సీడీ నాకిచ్చేయండి మాస్టారూ, అన్నాడు, నీకు నిద్దర రాకపోతే మాకు పేణాలు నిలుస్తాయి గానీ నీ బండిలో నానెక్కను, చెవులు పోతాయి, అని అసిరమ్మ, అందరూ నవ్వుతున్నారు, నేను వింటున్నాను, కాదు, వెతుకుతున్నాను, నేనైతే చేయి ఎత్తి ఆగిపోయే ప్రతి చోటా ఆ కుర్రవాడు ఆగలేదు, నేను నిశ్శబ్దం ఉంచే స్థలాల్ని అతడు దెబ్బలతో నింపేశాడు, డాలీ గొంతు ఎక్కడైనా వెనక్కి తిరిగి నన్ను చూస్తుందేమోనని ఎదురుచూశాను, అది తిరగలేదు, హాయిగా ముందుకు పోయింది, ఆ హాయి నన్ను బాధించింది, బాగున్నాదా మాస్టారూ, అని వరహాలరావు అడిగితే, మీకెలా ఉంది అన్నాను, నాకేటి, నా స్పీకరులో దుమ్మంతా దులిపేసినాది, మీదేటి, మీ మాట సెప్పండి, అన్నాడు, బుధవారం నుంచి అందరి మాటా పోగుచేసుకున్న నాకు ఒక్కటీ నాదని చూపించే మాట లేదు, ఇది అసలు వేగం కాదు, అసలుది వినండి, అని సంచిలోంచి పాత క్యాసెట్టు తీశాను.

తొంభై ఆరులో రవిబాబూ డాలీ విశాఖలో పాటలు కట్టి, రికార్డు చేసి, వాయించి చూడమని నాకు పంపిన మొట్టమొదటి క్యాసెట్టు అది, అప్పట్లో మా ఇంటికి కరెంటు లేదు, టేప్ రికార్డరు ఒళ్లో పెట్టుకుని, చెక్కపేడు మీద పుల్లలతో కొడుతూ వాటిని నేర్చుకున్నాను, ఆ తరువాత దాన్ని మళ్లీ వినవలసిన పని పడలేదు, మేమే వాయిస్తున్నాం కదా, ఈ రెండేళ్లలో ఎన్నోసార్లు చేతిలోకి తీసుకుని కూడా వినకుండా పెట్టెలో దాచాను, ఇప్పుడు వరహాలరావు మీట నొక్కాడు, పాట పరిగెత్తింది, గిటారు సన్నగా, ఆటగా, డాలీ గొంతు గంతులు వేస్తూ, నేను ఎరిగిన ఆ బండ ఎక్కడా లేదు, మీ సెట్టు జోరుగా తిరుగుతోంది అన్నాను, నా సెట్టుకేటి మాస్టారూ, అయినా మీ మాటెందుకు కాదనాల, ఇంకోదాన్లో ఎడతాను, అని రెండోదాంట్లో పెట్టాడు, అక్కడా అదే పరుగు, రెండూ ఒకేలాగ సెడిపోనాయంటే నాకు గిరాకీ బాగున్నట్టే, అని అతడు నవ్వుతున్నాడు, నాకు మా ఇంటి పెంకులు కనిపిస్తున్నాయి, పెంకుల మీద వరసగా ఎండబెట్టిన టేప్ రికార్డరు సెల్లులు, కొండ మీద ప్రతి ఇంటి కప్పు మీదా అవి ఉండేవి, నీరసించిన సెల్లుల్ని ఎండకు వేడెక్కించి మళ్లీ వేసుకుంటే ఇంకొంతసేపు పాడేవి, మెల్లగా, అడుగంటిన గొంతుతో, ఆ పాటల్ని నేను అలాగే విన్నాను, సెల్లుల అలసటను పాట స్వభావమని నమ్మాను, దాని మీద ఎంత కట్టాను, మంచు దిగే తీరు, ఇనపరాయి నింపుకుని గాట్‌లో దిగే గూడ్సు బండి నడక, కాలం తొందరపడదన్న సిద్ధాంతం, చదివిన తత్త్వశాస్త్ర గ్రంథాలన్నిటినీ సాక్ష్యానికి పిలిచాను, తొందర అబద్ధమని నిర్ణయించాను, రెండేళ్ల క్రితం రవిబాబు, కొంచెం పెంచుదాంరా, అని ఒక్కసారి అన్నందుకు పుల్లలు కింద పెట్టి ఈ కొండెక్కి వచ్చేశాను, నాలా వినేవాడు ఇంకొకడు లేడన్న ఒంటరితనాన్ని ఒక పదవిలా మోశాను.

స్టేషనుకు ఎప్పుడు వచ్చానో, రైలు పెట్టెలో ఎప్పుడు ఎక్కానో, శిమిలిగూడ దాటాక గాని తెలియలేదు, సొరంగంలో చీకటి, సొరంగం దాటగానే వెలుగు, మళ్లీ చీకటి, ఆ చీకటిలో రవిబాబు వాళ్ల కారు షెడ్డు, క్యాసెట్టు నేర్చుకుని నేను విశాఖలో దిగిన మొదటి ఆదివారం, మొదటి పాట మొదలుపెట్టాను, నాలుగు దెబ్బలకే వాళ్లిద్దరూ ఆపేశారు, ఏటి యోనా, నిద్దరొస్తన్నాదేటి, అని డాలీ నవ్వింది, ఈ పాట నడక ఇదే, గొంతు కూడా ఇంకా కిందికి దిగాలి, అని నేను పెద్దమనిషిలా చెప్పాను, వాళ్లు కట్టిన పాట గురించి వాళ్లకే, రవిబాబు ఆమె వైపు చూశాడు, ఆమె తల వంచి తీగలు వదులు చేసుకుంది, సరే, మళ్లీ మొదలెట్టు, అంది, అంతే, ఆ తరువాత, రెండేళ్ల కిందటి ఆ ఒక్కసారి తప్ప, ఎన్నడూ ఒక్క మాట లేదు, నిన్నటి ఫోనులో కూడా చివర, స్పీడు గురించి బెంగెట్టుకోకురా, నీకెంత కుదిరితే అంతే కొడదాం, అన్నాడు, నిన్న దాన్ని నా గెలుపుగా విన్నాను, రేపు వాళ్లు మళ్లీ తగ్గించబోతారు, వద్దని చెప్పాలి, ఆ కుర్రవాడి దెబ్బలు నాకు అందుతాయో లేదో తెలియదు, తప్పుతూనే వాయిస్తాను, బృందం నిద్ర లేచిందన్నవారికీ, మంచు పోయిందన్నవారికీ, రెండూ కావాలన్నవారికీ తెలిసే వీలు లేని సంగతి ఒక్కటే, ఈ పెట్టెలో ఎవరికీ చెప్పలేక కూర్చున్న నాకు ఇప్పుడు తెలుస్తున్నది, ‘ఇనపరాయి’ ఎప్పుడూ నిదానమైన బృందం కాదు, ఆ నిదానమంతా ఇద్దరు మనుషులు నా పక్కన నడవటానికి తగ్గించుకున్న నడక.