ఐదో మెట్టు మీద రాయి

కొండ వాలు కొలవడానికి గుంటూరు నుంచి లీలావతి అనే అమ్మాయి వచ్చి, దారి చూపమని అడిగేసరికి గులాం మొహిద్దీన్ పెట్టెలోంచి కొత్త లుంగీ తీసి కట్టాడు. కారంపూడి అవతల ఆ కొండమీది నాపరాయి క్వారీలో ఆయన ఇరవై రెండేళ్లు రాయి కొట్టాడు. క్వారీ మూతపడి నాలుగేళ్లయింది. మోకాళ్లు అరిగి ఇంటిపట్టున ఉన్న మనిషిని వెతుక్కుంటూ ఒకరొచ్చారంటే ఆయనకెంత హుషారో భార్య అక్తర్ బేగానికి తెలుసు. పడబోతే పట్టుకోవచ్చని తనూ వెంట బయల్దేరింది.

అది ఎనభై మూడు ఫిబ్రవరి. ఎండ ఇంకా ముదరలేదు. ఆ కొండ కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. కాసేపు ఏటవాలు, తర్వాత బల్లపరుపు నేల, మళ్లీ ఏటవాలు. అవి ఎవరో కట్టినవా, వాటంతటవే ఏర్పడినవా అన్నది చూసి రాసుకోవడమే లీలావతి చదువు.

"మొత్తం ఎన్ని మెట్లు బాబాయ్?" అడిగింది.

"ఏడు" అన్నాడు మొహిద్దీన్ తడుముకోకుండా.

"తొమ్మిది" అంది అక్తర్ బేగం.

"ఏందే, నాకు తెలీదా? ఈ కొండను పగలగొట్టినోణ్ణి!"

"నువ్వు లారీ ఎక్కి అటేపు బాటన పోయేవాడివి. క్యారేజీ పట్టుకుని ఇటేపు ఎక్కింది నేను."

ఎక్కడం మొదలయ్యాక ఆమే ముందు నడిచింది. ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ నిలుస్తుందో చెబుతుంటే లీలావతి పుస్తకంలో రాసుకుంది. ఏటవాలులో ఉన్నది గోటితో గీకితే రాలే రాయి. బల్లపరుపు చోట సుత్తికి కూడా మొండికేసే రాయి.

"మెత్తనిది వానలకు కొట్టుకుపోయింది, గట్టిది నిలబడింది. మెట్లు అట్లా పడ్డాయి పిన్నీ" అంది లీలావతి.

అక్తర్ బేగానికి ముచ్చటేసింది. ఇన్నేళ్లూ తన పాదాలకు మాత్రమే తెలిసిన సంగతికి ఓ కారణముందన్నమాట.

ఐదో మెట్టు చేరేసరికి పైన ఇంకా నాలుగు కనిపించాయి. మొహిద్దీన్ లెక్కపెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్కడ అరుగులాంటి రాయి ఒకటుంది. అక్తర్ బేగం అలవాటుగా దానిమీద కూర్చుంది.

"ఇక్కడ ఆయాసం తీర్చుకునేదాన్నమ్మా. రొప్పుకుంటా పోతే ఈయన బాధపడతాడని."

లీలావతి ఆ రాయి చుట్టూ తిరిగింది. వంగి అంచు తడిమింది.

"ఇది ఈ మెట్టు రాయి కాదు పిన్నీ. రంగే వేరు."

"వానకు పైనుంచి దొర్లి ఉంటది."

"దొర్లలేదు. ఇవిగో, ఉలి దెబ్బలు. ఎవరో చెక్కి దించారు. కదలకుండా కింద చిన్న రాళ్లు కూడా పెట్టారు."

అక్తర్ బేగం భర్త వైపు తిరిగింది. ఆయన రెంటచింతల దిక్కున ఏదో ఉన్నట్టు చూస్తున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"పైనుంచి కనపడేదానివి" అన్నాడు చివరికి. "గుల్షన్ కడుపులో ఉన్నప్పుడు. నేల మీద కూర్చుని లేవలేక చానా తిప్పలు పడేదానివి. ఓ ఆదివారం నాతో రాయి కొట్టే నాగులూ నేనూ కలిసి దించాం. దానికేంది ఇప్పుడు?"

"ఇరవై ఏళ్లు! ఒక్కసారన్నా చెప్పావా?"

"చెబితే, సెలవు రోజున ఈ పనులేందని తిడతావుగా."

"తిట్టేదాన్నే" అంది ఆమె. రాయి అంచున ఉలి దెబ్బల్ని వేలితో తడిమింది.

లీలావతి టేపు తీసుకుని, మిగతావి చూసొస్తానని పైకి వెళ్లింది. అక్తర్ బేగం పక్కకు జరిగింది. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. రాయి ఇద్దరికీ కాస్త ఇరుకే.

"నేనిక్కడ కూర్చుంటే చూస్తా ఉండేవాడివా?"

"నువ్వు లేచిందాకా సుత్తి ఎత్తేవాణ్ణి కాదు. మేస్త్రీ తిట్టేవాడు."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కసాగింది. పైన లీలావతి కుడివైపుకు అడుగు వేయబోతోంది.

"అటేపు వద్దమ్మా, జారుద్ది!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.