కుళ్ళు దొరకు స్నానం

మా పిన్ని నా సైన్యాన్ని తీసుకెళ్ళి బకెట్లో ముంచింది.

ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వేముందు ఆ సైన్యం ఏమిటో వినండి. బల్ల మీద పాచికలు వేసి ఆడే యుద్ధాల ఆట ఒకటుంది. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులను కొనుక్కుని, అతికించుకుని, ఎవరి సైన్యానికి వాళ్ళే రంగులు వేసుకోవాలి. నాది మహమ్మారి సైన్యం. ఒంటి నిండా పుళ్ళు, చీము, తుప్పు పట్టిన కవచాలు, పొట్ట చీలి పేగులు వేలాడేసుకుని నడిచే మహానుభావులు. ఆట సంగతి ఎలా ఉన్నా రంగులు వెయ్యడమంటే నాకు ప్రాణం.

నేను పళ్ళ ల్యాబులో పనిచేస్తాను. కట్టుడు పన్ను పక్క పళ్ళలో కలిసిపోయేలా రంగు కలపడం నా ఉద్యోగం. పొద్దస్తమానం తెలుపే. పాల తెలుపు, గచ్చు తెలుపు, టీ తాగేవాళ్ళ తెలుపు. ఇంటికొచ్చి ఇంత కుళ్ళు కలుపుకుంటే గానీ ప్రాణం కుదుటపడదు. గోధుమ రంగును నీళ్ళలా పల్చగా చేసి పుండు మీద వదిలితే, అది సందుల్లోకి జారి అచ్చం చీములా నిలబడిపోతుంది. తుప్పుకైతే చిన్న స్పాంజి ముక్కతో అద్దాలి.

మా క్లబ్బంటే ఒక ప్రింటింగ్ షాపు వెనక గది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. నేను చేరిన కొత్తలో నా బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, "నీటుగా వెయ్యడం ఆడవాళ్ళకు బాగా వస్తుందండీ, మురికే రాదు" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా పళ్ళికిలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ అందరూ చుట్టూ చేరి చూసే నడిబల్ల మీద ఆడాలంటే సైన్యంలో ఒక్క బొమ్మ కూడా రంగు లేకుండా ఉండకూడదు. రెండేళ్ళు కూర్చుని వేశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం నడిబల్ల నాది. కెప్టెన్ ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యాలి, అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అంటురోగాల వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. బాబాయి పోయాక ఒంటరిగా ఉంటోందని నేనే పోరుపెట్టి తెచ్చుకున్నాను. వచ్చిన రోజు నుంచి తలుపు గడియలు మొదలుకుని టీవీ రిమోట్ దాకా అన్నీ తళతళలే. నా సైన్యం ఉన్న అద్దాల బీరువా దగ్గరికొచ్చేసరికి మాత్రం మొహం తిప్పుకునేది.

"వీళ్ళకేం ఖర్మ పట్టిందే?" అంది శనివారం సాయంత్రం.

"రోగం పిన్నీ. రేపు అందర్నీ పెట్టెలో పెట్టి తీసుకెళ్ళిపోతాలే, నీకు బాధ ఉండదు" అన్నాను.

ఆదివారం పొద్దున్న పెట్టెలో పరవడానికి స్పాంజి షీటు కొనుక్కొచ్చాను. గుమ్మంలోనే గుప్పున ఆసుపత్రి వాసన. బాత్రూంలో పిన్ని పీట వేసుక్కూర్చుంది. ముందు బకెట్టు, చేతిలో టూత్‌బ్రష్షు.

"ఎంత మురికే తల్లీ! ఉత్త వేణ్ణీళ్ళకు లొంగలేదు. పుళ్ళు కడిగే మందు పోసి నానబెట్టాను. చూడు, పొరలు పొరలుగా ఊడొస్తోంది."

ఊడొచ్చింది నా రెండేళ్ళ పని. బకెట్లో ఆకుపచ్చా గోధుమా కలిసిన జిగురు తేలుతోంది. పక్కన తువ్వాలు మీద నా సైన్యం, కొన్న రోజున ఉన్నట్టే ఉత్త బూడిద రంగు ప్లాస్టిక్.

అరికాలి మంట నెత్తికెక్కింది. "కొంప ముంచావు కదా పిన్నీ! అది మురికి కాదు, రంగు! నేను వేసిన రంగు!"

"పుళ్ళు ఎవరైనా కావాలని వేస్తారుటే?"

"వేస్తారు! నేను వేస్తాను! నా ఇంట్లో నా వస్తువు ముట్టుకోవడానికి ఎవరమ్మా నువ్వు? తోమడానికి ఊళ్ళో ఇంకేమీ దొరకలేదా?"

నోటికొచ్చినదల్లా అనేశాను. పెట్టె సర్దుకుని వెళ్ళిపొమ్మని కూడా అన్నాను. అప్పుడు చూశాను, బకెట్టు పక్కన ఒక్కడు పొడిగా ఉన్నాడు. మా సేనాపతి కుళ్ళు దొర. లటుక్కున లాక్కున్నాను.

అంతలో ఫోను మోగింది. కెప్టెన్.

"మేడం, బల్ల రెడీ. సైన్యం సంగతి తర్వాత, ముందు ఆ దొర ఒక్కణ్ణీ తెచ్చి పెట్టండి. మీరు పంపిన ఫొటోలో ఉన్నంత మురికిగా ఉంటే అందరి ముందూ నా మాట వెనక్కి తీసుకుంటా."

"వస్తున్నా" అని పెట్టేశాను. దొర ఒక్కడు చాలు.

"వాణ్ణి ఇలా ఇవ్వవే" అంది పిన్ని. "వాడొక్కడే మిగిలాడు. అలా పంపకూడదు."

"ఎక్కడికి పంపుతున్నాం? ఏం మాట్లాడుతున్నావ్?"

"పెట్టెలో పెట్టి తీసుకెళ్తానన్నావు కదా." పిన్ని తల ఎత్తలేదు. "వార్డులో ఎవరూ ముట్టుకోనివాళ్ళని నేనే కడిగేదాన్ని. మొహం తుడిచి, గోళ్ళు శుభ్రం చేసి, దుప్పటి కప్పి అప్పుడు పంపేదాన్ని. మీ బాబాయి నా వార్డులోనే పోయాడు. నోటి పక్కన నెత్తురు అలాగే ఎండిపోయి ఉంది. తడిగుడ్డ తెచ్చేలోపు సంచీలో పెట్టి జిప్పు లాగేశారు. కడగకూడదని అప్పటికి కొన్ని నెలలుగా కొత్త రూలు. అప్పటిదాకా ఆ రూలు అందరికీ చెప్పింది నేనే. నాకు నోరు పెగల్లేదు."

మాకు ఈ సంగతి తెలియదు. బాబాయి పోయాడని ఫోన్లో విన్నాం, అంతే.

తువ్వాలు వైపు అప్పుడు సరిగ్గా చూశాను. ఆరబెట్టిన బొమ్మలు కావవి. అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మెడల దాకా ఉతికిన జేబురుమాళ్ళు కప్పింది.

నా కోపం పోలేదు. ఆ జిప్పు లాగినవాడి మీద, రూలు రాసినవాడి మీద, ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పని పిన్ని మీద, అక్కడ బల్ల దగ్గర కాచుక్కూర్చున్న కెప్టెన్ మీద, అందరి మీదా కోపమే. నా చేతిలో దొర ఉన్నాడు. నోటి పక్కన ఎండిన నెత్తురు చార వేశాను వాడికి, నల్లటి ఎరుపులో ఒక్క చుక్క మెరుపు కలిపి. నా చేత్తో అంత బాగా ఇంకేదీ కుదరలేదు. పిన్ని చూపు దాని మీదే ఉంది.

"ఇదుగో!" విసిరినంత పని చేశాను. "సరిగ్గా తోము. పైపైన తుడిస్తే పోదది. రెండు పొరలు వార్నిష్ కొట్టి చచ్చాను."

పిన్ని రెండు చేతులా అందుకుంది. బకెట్లో వేలు ముంచి చూసింది.

"ఇవి చల్లారిపోయాయే. కాసిని వేణ్ణీళ్ళు పట్టుకురా" అంది.

వంటింట్లోకి వెళ్ళి, గిన్నె దడేలుమనేలా స్టవ్ మీద పెట్టాను.