భవాని నెత్తురు

కొత్తపేట శివారు ఎరుకల పేటలో కనకమ్మ బుట్టలల్లి బతికేది. ఆమె కూతురు భవాని తొలిచూలు మోస్తున్న ఏడు, ఆరోగ్య పరిశోధన అంటూ పట్నం నుంచి కొందరు జీపులో వచ్చేరు. కడుపుతో ఉన్న ఆడాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి నెత్తురు తీసుకెళ్ళేరు. "ఏమన్నా ఉంటే చెబుతాం" అన్నారు. మళ్ళీ రాలేదు. రాలేదు గనక ఏమీ లేదనే అనుకుంది కనకమ్మ. కూతురు నాలుగడుగులకే ఆయాసపడుతుంటే కడుపులో బిడ్డ బరువనుకుంది. పురిట్లో భవాని పోయింది. బిడ్డా దక్కలేదు.

రెండువేల రెండులో మాధవీలత అనే డాక్టరు అదే పని మీద వచ్చింది. నెత్తురివ్వడానికి పేటలో ఎవరూ చెయ్యి చాపలేదు.

"మా పిల్ల నెత్తురు ఏమందో ముందు చెప్పండి. తర్వాత మావి తీద్దురుగాని" అంది కనకమ్మ.

డాక్టరు వాదించలేదు. పట్నంలో పాత కాగితాలు వెతికించి, కొన్నాళ్ళు పోయాక ఒక్కతే వచ్చి, కనకమ్మ గుమ్మంలో నేల మీదే కూర్చుంది.

"భవానికి ఒంట్లో నెత్తురు బాగా తక్కువుందండీ. వాళ్ళకి అప్పుడే తెలిసింది. పేటకొచ్చి చెప్పడం తమ పనని ఎవరూ అనుకోలేదు."

"దానికి మందుంటుందాండీ?"

"ఉంటుందండీ. నెత్తురు ఎక్కించొచ్చు కూడాను."

కనకమ్మ అల్లుతున్న బుట్ట పక్కన పెట్టింది. వెదురు బద్దలు ఏరుతున్నట్టు ఉత్త నేలనే తడుముతూ ఉండిపోయింది.

మర్నాడు పేట ఆడాళ్ళు డాక్టర్ని కూర్చోబెట్టి మాట్లాడేరు. తమ నెత్తుర్లో ఏం వెతకాలో తమనీ అడగాలన్నారు. పురిట్లో ఎందుకు పోతున్నామో ముందు అది చూడమన్నారు. ఎవరి సంగతి వాళ్ళకి ఇక్కడే, తమ ఎరుకల మాటలో, తమ మనిషే చెప్పాలన్నారు. పైవాళ్ళని ఒప్పించడానికి మాధవీలత చాలాసార్లు తిరగాల్సొచ్చింది. చివరికి ఒప్పుకున్నారు. చెప్పే మనిషిగా పేటవాళ్ళు కనకమ్మని నిలబెట్టేరు.

ఆ వానాకాలంలోనే, కడుపుతో ఉన్న పక్కింటి లావణ్యకి నెత్తురు చాలదని తేలింది.

"భయమేస్తోంది పిన్నీ, ఆస్పత్రికి రాను" అందా పిల్ల.

"భవానికి ఈ మాట చెప్పే దిక్కు లేకపోయింది. నీకు నేనున్నాను, పద" అని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళింది కనకమ్మ.

నెత్తురు ఎక్కించేరు. నెలలు నిండేక లావణ్య ఆడపిల్లని కంది. తల్లీ బిడ్డా బాగున్నారు. కనకమ్మే పసిదానికి నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టింది.

"భవాని అని పిలుచుకుంటాం పిన్నీ" అంది లావణ్య.

కనకమ్మ గుమ్మం దాకా వెళ్ళి, అటు తిరిగే నిలబడింది.

"ఆ పేరొద్దమ్మా. మీరు పిలిచినప్పుడల్లా నేను తిరిగి చూస్తాను."