సున్నం బెల్లం పట్టు

"పాలగడ్డకు దవాఖానేందే?" అంది మా అత్త బక్కమ్మ, సున్నంలో బెల్లం కలిపి నూరుతూ. నేను మా వడ్లు తూచి బస్తాలకెత్తే హమాలీలకు పెద్ద గంజులో అన్నం వండుతున్నాను. పాపకు పాలు మాన్పించాక నా ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. అప్పటి నుంచీ ఆ పట్టు రోజూ తప్పదు. చర్మం ఎర్రగా వాచి, రవిక తగిలితే ప్రాణం పోయేది. బాన్సువాడ కాలేజీలో పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని, ఇంట్లో మాత్రం నోరు మూసుకుని రవిక విప్పాను. వద్దంటే "నాలుగు అక్షరాలొచ్చినయని ఎగురుతుంది" అంటారు. ఆ మాట పడడం కంటే ఆ మంట పడడమే తేలిక అనుకున్నాను. ఎంత తెలివితక్కువ దాన్ని!

చివరికి ఒకరోజు కాలేజీ నుంచి అటే నిజామాబాద్ పోయి గడ్డలోంచి ముక్క తీయించి పరీక్షకు ఇచ్చాను. వారానికి ఫలితం వచ్చింది. క్యాన్సర్. సోమవారమే హైదరాబాద్‌లో చేరమన్నారు. నా భర్త పండరికి చెబితే, నా మొహం చూడకుండా ఫోన్ చూస్తూ అన్నాడు. "వడ్ల కాంటా కానీయ్. వడ్లన్నీ రోడ్డు మీదున్నయ్, మబ్బు వట్టింది. నువ్వు పోతే హమాలోళ్లకు ఎవరు వండుతరు? ఇన్ని దినాలు ఆగింది, గిన్ని దినాలు ఆగదా? అవ్వకు మాత్రం చెప్పకు, ఫికర్ వెట్టుకుంటది." వడ్లు తడుస్తాయని అతనికి భయం. నాకూ భయంగా ఉందా అని అడిగినవాళ్లు లేరు.

ఎప్పుడో చదివినదే ఇప్పుడు తల్లో తిరుగుతోంది. వాపు రేగినచోట క్యాన్సర్ కణం రక్తనాళపు గోడ కణాన్ని అంటుకుని, మధ్య పొర కరిగిపోయి, రెండూ ఒకటే కణం అవుతాయట. ఇక నాళానికి అది పరాయిది కాదు. ఇంటిమనిషి లెక్క దారి దొరుకుతుంది. ప్రయోగశాలల్లో చూసిన సంగతి ఇది. నా ఒంట్లో అదే జరుగుతోందని ఏ డాక్టరూ అనలేదు. అయినా సున్నం చురుక్కుమన్నప్పుడల్లా లోపల ఏదో దేన్నో కలుపుకుంటోందని అనిపించేది. పెళ్లైన కొత్తలో చుట్టాలందరి ముందు పండరి, "మా ప్రియదర్శిని మా ఇంట్ల మంచిగ కలిసిపోయింది" అని మురిసిపోయాడు. నేనూ మురిశాను. కరిగింది నా పొర ఒక్కటే అని అప్పుడు తోచలేదు. నాకు బతకాలని ఉంది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరితో అనాలో తెలియలేదు.

సోమవారం పొద్దున అత్త గిన్నె పట్టుకుని వంటింట్లోకొచ్చింది. "రవిక విప్పు."

"వద్దత్తమ్మా. ఇది పాలగడ్డ కాదు. క్యాన్సర్. వాపు మీద ఇంకా వాపు రేపొద్దు."

అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఎవలన్నరు?"

"పరీక్షల తేలింది. మీ కొడుక్కు ఎరుకే."

అత్త గిన్నె కింద పెట్టి, పోయి తలుపు గడియ వేసింది. కొట్టడానికేమో అనుకున్నాను. తన కొంగు తీసింది. ఎండిన రొమ్ము మీద అదే పట్టు, పెచ్చులు కట్టి, చుట్టూ చర్మం ముడుచుకుపోయి ఉంది. ఆమె చేతికి ఆ పాళ్లు అంత బాగా ఎట్లా తెలుసో అప్పుడు అర్థమైంది.

"నీకంటే పాలుండె," అంది నెమ్మదిగా. "నాకు పాలెక్కడియి బిడ్డా? మరి గిదేంది?"

ఆమెను పట్టుకుని ఏడ్చాను. బయట నుంచి పండరి తలుపు కొట్టాడు. "అవ్వా, అన్నం అయిందా? హమాలోళ్లు కూసున్నరు."

అన్నం ఇంకా పలుకు మీదుంది. పొయ్యి ఆర్పాను. పాపను పండరి చేతుల్లో పెట్టి, అత్త చెయ్యి పట్టుకుని, రోడ్డు మీది వడ్ల పక్కనుంచి బస్టాండుకు నడిచాను. వెనక అతను పిలుస్తూనే ఉన్నాడు.

బస్సులో ఆడవాళ్ల ఉచిత టికెట్లకు మా రెండు ఆధార్ కార్డులు చూపించాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

నేను నోరు తెరిచేలోపు అత్తే చెప్పింది.

"దవాఖానకు."