నలుగురికీ ఒకటే పేరు

మార్చి పదకొండు, బుధవారం, మధ్యాహ్నం షిఫ్టులో, లాండ్రీ ఇస్త్రీ గదిలో పనిచేసే మూడోదానికి అన్యాయం జరిగింది. జరిగింది అని ఎందుకనాలి, చేశారు.

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఇస్త్రీ గదిలో నాలుగు ఆవిరి యంత్రాలు, నలుగురు ఆడవాళ్ళు. నలుగురికీ ఒకటే పేరు. అందుకే వాళ్ళు పెద్దది, రెండోది, మూడోది, పొట్టిది అయ్యారు. ఆ అసలు పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు పైకి చదువుతారు. ఆ ఊళ్ళో పేరు పెట్టి గట్టిగా పిలిస్తే, ఆ పేరున్నవన్నీ పలుకుతాయి, మనుషులే కాదు. ఒక తల్లి కూతుర్ని అన్నానికి కేకేస్తే అదే పేరున్న వీధి వీధంతా ఇటు తిరిగి కూచుంది. పోస్టుమాన్ మూడు రోజులు పెరటి తలుపులు కొట్టాడు. విసుక్కున్నాడే కానీ వింతపడలేదు. అప్పట్నుంచీ ఎవరినైనా పిలవాలంటే దగ్గరికెళ్ళి భుజం తడతారు.

బుధవారం పొట్టిదాని చెయ్యి యంత్రంలో పడి మణికట్టు దాకా కాలింది. చెయ్యి లోపలికి పోకుండా ఆపే ఇనప గార్డు ఆ యంత్రానికి లేదు. ఏ యంత్రానికీ లేదు. పని జోరుగా సాగాలని సూపర్‌వైజరు రెండు నెలల కిందటే నాలుగూ పీకి పారేశాడు. ఆ రోజే మూడోది అడిగింది, "మా చేతులు కూడా పీకి మేకుకి తగిలిస్తే ఇంకా జోరుగా సాగుతుందేమో సార్" అని. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

పొట్టిదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన గంటలోనే మిగతా మూడు యంత్రాలకీ కొత్త గార్డులు వచ్చేశాయి. ప్రమాదాల పుస్తకంలోకి సూపర్‌వైజరు చేత్తో ఒక వాక్యం వచ్చింది: నాలుగో యంత్రం గార్డు ఊడదీసి పోగొట్టినవారు, ఫలానా. ఆ పేరు నలుగురిదీ కదా అంటే, మూడోదేనన్నాడు. అప్పటికప్పుడు గేటు బయటికి పంపాడు. శనివారం విచారణ. రుజువైతే ఉద్యోగం ఒక్కటే కాదు, పోలీసు కేసు, జైలు.

శుక్రవారం మూడోది పొట్టిదాన్ని చూడబోయింది. సూపర్‌వైజరు ముందే వచ్చి వెళ్ళాడు.

"నువ్వే తీశావని చెప్పమన్నాడు వదినా," అంది పొట్టిది, కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ. "చెప్తే చెయ్యి బాగయ్యేదాకా కంపెనీ చూసుకుంటుందట. చెప్పకపోతే నా చెయ్యి నా ఖర్మట."

"ఏం చెప్తావో నేనడగను. అన్నం తిన్నావా?"

"ఎడంచేత్తో తిన్నా. సగం ఒళ్ళో పడింది."

"పోన్లే, ఒళ్ళు చేస్తావు."

పొట్టిది నవ్వింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. ఏం చెప్తుందో మాత్రం చెప్పలేదు.

శనివారం విచారణ అధికారి హెడ్డాఫీసు నుంచి లాండ్రీకి వచ్చాడు, రూలు తప్పని మనిషి. రూలేమిటంటే, నిందితురాలిని పూర్తి పేరుతో, గట్టిగా, మూడుసార్లు పిలవాలి. పలికితే పుస్తకంలో పేరు తనదేనని ఒప్పుకున్నట్టు. పలక్కపోతే పారిపోయినట్టు. మూడోది అడకత్తెరలో పోకచెక్కలా కూచుంది.

"సార్, ఇక్కడ పేరెత్తి పిలవకూడదు," అంది పెద్దది. "ఈ వీధిదీ మా పేరే, తిరుగుతుంది."

"తిరగనివ్వండమ్మా. రూలు రూలే."

సూపర్‌వైజరు నవ్వాడు. వీధి తిరిగితే ఆయనకేం. ఆయన కాపురం ఊరవతల.

మొదటి పిలుపు. పెద్దది లేచింది, రెండోది లేచింది. కిటికీలో ఇంతసేపూ కనబడిన గోడ పోయి దుకాణాలు వచ్చాయి. అధికారి "వీధి హాజరు" అని రాసుకున్నాడు. సాక్ష్యానికని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన పొట్టిది నేల చూపులు చూస్తూ కూచుంది. మూడోది దాని వంక చూడలేదు.

రెండో పిలుపు. పొట్టిది లేచింది.

"నాదీ అదే పేరు సార్."

"కూచో అమ్మా," అన్నాడు సూపర్‌వైజరు మెత్తగా. "నీ చెయ్యి సంగతి ఆలోచించుకో."

"ఆలోచించే లేచాను."

మూడో పిలుపు. ఎవరూ కదల్లేదు. మూడోది ఇంకా పలకలేదు.

"ఈ పేరుతో ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు అధికారి.

"ఉంది సార్," అంది పెద్దది, గుమ్మం వైపు చూస్తూ. "లాండ్రీ వెనకాల మురుక్కాలవ. వస్తోంది."

మురుక్కాలవకి కూడా పేరుంటుందని సూపర్‌వైజరు ఎరగడు. అది దాని ఒడ్డున బతికేవాళ్ళకే తెలుస్తుంది. అయినా నీళ్ళు గుమ్మం దాటకముందే ఆయన కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు. కాలవ తొందరపడకుండా, కంపు కొడుతూ, సబ్బు నురగతో లోపలికి వచ్చింది. తనలో పారేసినవి తెచ్చి అధికారి బూట్ల దగ్గర పెట్టింది: తుప్పు పట్టిన నాలుగు ఇనప గార్డులు. అధికారి వంగి ఒక్కొక్కటే ఎత్తి, దాని మీద కొట్టిన అంకె చదివాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఒక్కటే పోయిందని రాశారే?"

"నాలుగూ ఆవిడే పారేసుంటుంది సార్."

"మరి మూడు కొత్తవి తెప్పించారు, బుధవారం ప్రమాదం జరిగిన గంటలో. ఆ కాయితం మీద సంతకం మీదే. ఆ మూడూ లేవని మీకెప్పుడు తెలిసింది?"

సూపర్‌వైజరు కాళ్ళు కిందికి దించబోయి, నీళ్ళు చూసి ఆగిపోయాడు.

అప్పుడు లేచింది మూడోది, చీలమండల దాకా నీళ్ళలో.

"పలుకుతున్నాను సార్, రాసుకోండి. పేరు నాదే. పని ఆయనది."

అధికారి రాశాడు. పిలుపుకి పలికినవారు: ఆడవాళ్ళు నలుగురు, వీధి ఒకటి, కాలవ ఒకటి. మూడో ఆమె సోమవారం నుంచి పనిలోకి. కాలిన చేతికి వైద్యం, అది మళ్ళీ దుప్పటి మడతపెట్టేదాకా, కంపెనీది. సూపర్‌వైజరు తొలగింపు, శనివారం, మార్చి పద్నాలుగు, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.